చేత్తో చేసే నీడా, ఎఫెక్ట్ ఇచ్చే నీడా: ఏ బొమ్మకు ఏది తగును?

ఇత్తడి చెంబు ఫోటోను చుట్టూ కత్తిరించి తెల్లని నేపథ్యం మీద పెడితే, ఎంత శుభ్రంగా కత్తిరించినా అది గాలిలో వేలాడుతున్నట్టే ఉంటుంది. ఆ లోటు తీర్చడానికి ఎక్కువమంది వెంటనే డ్రాప్ షాడో ఎఫెక్ట్‌ను ఆశ్రయిస్తారు. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ అయిన ఫోటోషాప్‌లో లేయర్ (బొమ్మలోని ఒక విడి పొర) మీద రెండుసార్లు క్లిక్ చేసి ఒక గడిలో టిక్కు పెడితే నీడ పడుతుంది. అలాంటిదే అయిన జింప్‌లో ఫిల్టర్ల మెనూలో లైట్ అండ్ షాడో అన్న విభాగం కింద అదే పని చేసే ఆదేశం ఉంది. నీడ వస్తుంది, అయినా చెంబు మాత్రం నేల మీద కూర్చోదు. తెల్లగోడకు అతికించిన కాగితపు చెంబులా కనబడుతుంది. అదే ఎఫెక్ట్‌ను పెళ్లిపత్రిక మీది అక్షరాలకో, వెబ్ పేజీలోని బటన్‌కో వేస్తే ఏ లోపమూ కనబడదు. ఈ తేడా ఎక్కడినుంచి వస్తున్నదో అర్థమైతే, ఏ పనికి చేత్తో నీడ చేయాలో, ఏ పనిని ఎఫెక్ట్‌కు వదిలేయాలో తేల్చుకోవడం కష్టం కాదు.

డ్రాప్ షాడో ఎఫెక్ట్ లేయర్ ఆకారాన్ని ఉన్నదున్నట్టు నకలు తీసి, నల్లరంగు నింపి, అంచులు మసకచేసి, కొంచెం పక్కకు జరిపి, అసలు బొమ్మ వెనక పెడుతుంది. అంటే వస్తువు పలుచని రేకులాంటిదనీ, దాని వెనక దానికి సమాంతరంగా ఒక గోడ ఉన్నదనీ, ఆ రెండింటి మధ్య దూరం అంతటా ఒక్కటేననీ ముందే అనుకొని అది పనిచేస్తుంది. కాగితం, అక్షరం, కార్డు, బటన్, పైనుంచి ఫోటో తీసిన చీర వంటివాటికి ఈ ఊహ సరిపోతుంది. నేల మీద నిలబడిన వస్తువుకు ఇందులో ఏ ఒక్కటీ సరిపోదు. అడుగు భాగం నేలను తాకుతుంది, పై భాగం నేలకు దూరంగా ఉంటుంది, నీడ పడే తలం వస్తువుకు సమాంతరంగా కాక అడ్డంగా పరుచుకొని ఉంటుంది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్న ప్రశ్న కన్నా ముందు, మీ వస్తువు తలానికి ఎదురుగా తేలుతున్నదా, తలం మీద ఆని ఉన్నదా అన్నది చూడాలి.

నిజమైన నీడ ఎలా ఉంటుంది

ఎంపిక సరిగ్గా జరగాలంటే వెలుగు గురించి కొంచెం తెలియాలి. నీడకు మెత్తని అంచు రావడానికి కారణం వెలుగునిచ్చేది చుక్కంత కాకపోవడం. ఆకాశంలో సూర్యబింబం దాదాపు అర డిగ్రీ వెడల్పు ఉంటుంది. ఆ లెక్కన, వస్తువు అంచు నుంచి నీడ పడే చోటికి కిరణం మీటరు దూరం ప్రయాణిస్తే, నీడ అంచున మసక పట్టీ సుమారు 9 మిల్లీమీటర్లు ఉంటుంది; పది సెంటీమీటర్ల దూరంలో అది మిల్లీమీటరుకు లోపే. అందుకే మిట్టమధ్యాహ్నం చెప్పు నీడ కోసినట్టుంటుంది, కొబ్బరిమట్టల నీడ మసకగా పరుచుకుంటుంది. కిటికీ నుంచి వచ్చే వెలుగూ, స్టూడియోలో సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరచే పెట్టె) నుంచి వచ్చే వెలుగూ ఇంకా చాలా వెడల్పైనవి కాబట్టి, అక్కడ వస్తువు నుంచి కొద్ది అంగుళాలు దాటగానే నీడ కరిగిపోతుంది.

దీన్నిబట్టి చేత్తో చేసే నీడకు మూడు లక్షణాలు తప్పనిసరి. వస్తువు నేలను తాకే గీత దగ్గర నీడ అన్నిటికన్నా నల్లగా, సన్నగా, తేటగా ఉండాలి. దూరం పెరిగేకొద్దీ అంచు మసకబారుతూ పోవాలి. చుట్టుపక్కల నుంచి చెదిరి వచ్చే వెలుగు పడుతుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ ముదురుదనమూ తగ్గాలి. ఎఫెక్ట్‌లో మసక విలువ నీడ మొత్తానికి ఒక్కటే, ఒపాసిటీ (ముదురుదనం) విలువా ఒక్కటే. కనుక ఈ మూడింటిలో ఏదీ దానితో సాధ్యం కాదు, ఎన్ని స్లైడర్లు జరిపినా సరే.

ఎఫెక్ట్ గెలిచే చోట్లు

ఫోటోషాప్‌కు లేయర్లు వచ్చింది 1994లో, మూడో వెర్షన్‌తో. లేయర్ ఎఫెక్ట్‌లు వచ్చింది 1998లో, ఐదో వెర్షన్‌తో. అంతకుముందు నీడ కావాలంటే ఛానెల్‌ను (ఆకారాన్ని నలుపు తెలుపుల్లో దాచే పొరను) నకలు తీసి, మసకచేసి, జరిపి, సెలెక్షన్‌గా (ఎంచుకున్న భాగంగా) మార్చి నింపేవారు. అక్షరం ఒక్కటి మారినా మళ్లీ మొదటినుంచి చేయవలసి వచ్చేది. ఎఫెక్ట్ తెచ్చిన పెద్ద సౌకర్యం అదే: బొమ్మ మారితే నీడ దానంతటదే మారుతుంది.

మన ఊళ్లలో ఫ్లెక్సీ డిజైన్ చేసేవారికి ఈ సౌకర్యం విలువ బాగా తెలుసు. ప్రింటుకు పంపే ముందు నిమిషం దాకా పేర్లు మారుతూనే ఉంటాయి, ఒక పేరు పైకి, మరొకటి కిందికి జరుగుతుంది, ఒకరి హోదా కొత్తగా చేరుతుంది. అలాంటి పనిలో అక్షరాలకు చేత్తో నీడ చేయడం అనవసర శ్రమ. ఎఫెక్ట్‌లో యూజ్ గ్లోబల్ లైట్ అన్న గడి టిక్కు పెట్టి ఉంచితే, ఒకచోట కోణం మార్చగానే అన్ని లేయర్ల నీడలూ ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఒకే ఫ్లెక్సీలో ఒక పేరు నీడ ఎడమకూ మరొకదాని నీడ కుడికీ పడటం చాలాచోట్ల కనబడే దోషం. ఈ ఒక్క టిక్కుతో అది పోతుంది.

తెలుగు అక్షరాలకు ఎఫెక్ట్ వాడేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. మన లిపిలో అక్షరానికీ కింది వత్తుకూ మధ్య సందు చాలా చిన్నది. ద, ధ అక్షరాల మధ్య, ప, ఫ అక్షరాల మధ్య తేడా అంతా అడుగున ఉండే చిన్న నిలువు గీతలోనే ఉంది. థ అక్షరాన్ని గుర్తుపట్టించేది పొట్టలోని చుక్క. కుడి కిందికి జరిగిన నీడ సరిగ్గా ఈ సందుల్లోకే వచ్చి కూర్చుంటుంది. అక్షరాలు ముదురు రంగులో ఉంటే సందు పూడిపోయి, “కృష్ణ” లోని ణ వత్తు పై అక్షరంతో కలిసి ఒకే ముద్దగా కనబడుతుంది. అక్షరాలు తెలుపో పసుపో అయి, నేపథ్యం మధ్యస్థంగా ఉంటే మాత్రం సందులోని నల్లదనమే వత్తును విడిగా చూపించి మేలు చేస్తుంది. కాబట్టి లేత అక్షరాలకు దగ్గరగా, తక్కువ మసకతో ఉండే నీడ మంచిది. ముదురు అక్షరాలకు నీడ లేకపోవడమే మంచిదని నా అభిప్రాయం. తప్పదంటే, నీడను జరిపే దూరం వత్తుకూ అక్షరానికీ మధ్య ఉన్న సందులో సగానికి మించకూడదు.

చేత్తో చేసినా ఎఫెక్ట్‌లాగే ఉండే నీడ

చేత్తో నీడ చేయడమెలాగో నేర్పే పాఠాల్లో చాలావరకు కనబడే పద్ధతి ఇది. వస్తువు లేయర్‌ను నకలు తీసి, కింది నకలులో పారదర్శక భాగాన్ని లాక్ చేసి నల్లరంగు నింపి, లాక్ తీసి గాసియన్ బ్లర్ (అంచులను మసకచేసే ఫిల్టర్) ఇచ్చి, కొద్దిగా జరిపి, ఒపాసిటీ తగ్గించడం. జింప్‌లోనైతే ఆల్ఫా టు సెలెక్షన్ ఆదేశంతో ఆకారాన్ని సెలెక్షన్‌గా మార్చుకొని, కొత్త లేయర్‌లో నలుపు నింపి, సెలెక్షన్ తీసేసి బ్లర్ చేయవచ్చు. లాక్ తీయకుండా బ్లర్ చేస్తే నలుపు అంచు దాటి బయటికి రాదు, నీడ కనబడదు. పద్ధతి పనిచేయడం లేదని చాలామంది వదిలేసేది ఇక్కడే.

ఈ పద్ధతి నేర్చుకోవలసినదే, ఎందుకంటే తర్వాతి పద్ధతులన్నీ దీని మీదనే నిలుస్తాయి. కానీ ఇక్కడితో ఆగిపోతే ఎఫెక్ట్ ఇచ్చే ఫలితమే వస్తుంది, పైగా మార్చుకునే సౌకర్యం పోతుంది. ఇంతవరకే చేయాలనుకుంటే ఎఫెక్ట్ వాడటమే తెలివైన పని.

బ్లర్ గురించి ఒక్క విషయం తెలుసుకుంటే రెండు పద్ధతుల్లోనూ పనికొస్తుంది. తిన్నని అంచును గాసియన్ బ్లర్ చేసినప్పుడు, అసలు అంచు ఉన్న చోట నలుపు సరిగ్గా సగానికి తగ్గుతుంది. మిగతా సగం లోపలి వైపుకు ఉండిపోతుంది. అంటే నీడను జరపకుండా 60 శాతం ఒపాసిటీతో పెడితే, వస్తువు అంచును ఆనుకొని మీకు కనబడేది 30 శాతమే. నీడ ఎంత ముదురు చేసినా పలుచగానే ఉన్నదని అనిపించడానికి కారణం ఇదే. దీనికి విరుగుడు ఒపాసిటీ పెంచడం కాదు. బ్లర్ చేసే ముందు ఆకారాన్ని కొద్ది పిక్సెల్స్ పెద్దది చేయాలి, లేదా నీడను కొంత జరపాలి. ఫోటోషాప్ ఎఫెక్ట్‌లో స్ప్రెడ్ అనేదీ, జింప్ డ్రాప్ షాడోలో గ్రో రేడియస్ అనేదీ ఈ పెంచే పనినే చేస్తాయి.

రెండింటి నడిమి దారి

ఫోటోషాప్‌లో ఎఫెక్ట్‌గా వేసిన నీడను విడి లేయర్‌గా మార్చే ఆదేశం ఒకటి ఉంది. లేయర్ మెనూలో లేయర్ స్టైల్ కింద అది క్రియేట్ లేయర్ అన్న పేరుతో ఉంటుంది. దూరం, మసక, ఒపాసిటీ అన్నీ ఎఫెక్ట్ స్లైడర్లతోనే కుదుర్చుకొని, తృప్తి కలిగిన తర్వాత విడదీస్తే, నీడ మామూలు లేయర్‌గా కిందికి వచ్చి చేరుతుంది. అక్కడినుంచి దానికి మాస్క్ (లేయర్‌లో కొంత భాగాన్ని దాచే తెర) వేసి కొంత భాగం చెరిపేయవచ్చు, ఒక మూలను లాగవచ్చు, మరొక చోట అదనంగా మసకచేయవచ్చు.

పుస్తకం అట్ట ఒక మూల పైకి లేచినట్టు చూపాలన్నా, కాగితపు ముక్క మధ్యలో ఆని అంచులు మాత్రం లేచినట్టు ఉండాలన్నా ఈ దారికి సాటిలేదు. విడదీసిన నీడను బొమ్మను వంచే వార్ప్ ఆదేశంతో లేచిన మూల దగ్గర మాత్రం దూరంగా లాగి, ఆనిన చోట లోపలికి నెడితే చాలు. వస్తువు పలుచగానే ఉన్నా, తలానికి దాని దూరం అంతటా ఒక్కటి కాని ప్రతి సందర్భానికీ నేను దీనినే సూచిస్తాను. విడదీసే ముందు అసలు లేయర్‌ను ఎఫెక్ట్‌తో సహా ఒక నకలు తీసి దాచిపెట్టుకుంటే, వెనక్కు రావలసి వచ్చినప్పుడు విలువలు దొరుకుతాయి.

నిలబడిన వస్తువు

చేతిపనికి నిజమైన అవసరం ఇక్కడే. ఈ పనిలో నీడను రెండు వేరువేరు లేయర్లుగా చేయాలి: వస్తువు అడుగున నేలను తాకేచోట ఉండే ఆనిక నీడ ఒకటి, నేల మీద పరుచుకొనే వాలు నీడ మరొకటి. ఈ రెండింటిలో ఒక్కటి మాత్రమే చేసేంత సమయం ఉంటే ఆనిక నీడనే చేయండి. వాలు నీడ లేని వస్తువు మబ్బు పట్టిన రోజు ఫోటోలా ఉంటుంది, దాన్ని కన్ను ఒప్పుకుంటుంది. ఆనిక నీడ లేని వస్తువును ఏ వెలుగులోనూ ఒప్పుకోదు.

ఆనిక నీడకు కొత్త లేయర్ తీసుకొని, వస్తువు అడుగు అంచు వంపును అనుసరించి సన్నని కోడిగుడ్డు ఆకారంలో సెలెక్షన్ చేసి నలుపు నింపి, చాలా తక్కువ బ్లర్ ఇవ్వాలి. దాని కిందనే మరొక లేయర్‌లో ఇంకొంచెం వెడల్పుగా, ఇంకొంచెం పలుచగా రెండో పొర వేస్తే, ముదురు నుంచి లేతకు మార్పు సహజంగా వస్తుంది. బ్రష్‌తో గీసేవారు మెత్తని అంచున్న బ్రష్ తీసుకొని, ఫ్లో (రంగు పడే జోరు) తక్కువ ఉంచి, వస్తువు కిందినుంచే గీత మొదలుపెట్టి బయటికి లాగాలి. ముదురు భాగం వస్తువు వెనక దాగి, దాని కొస మాత్రమే బయటికి కనబడాలి. గుండ్రని అడుగున్న చెంబు నేలను తాకేది చిన్న వలయం మేరకే కాబట్టి, ఆనిక నీడ చెంబు వెడల్పంతా ఉండకూడదు. పొట్ట వెడల్పుకు సమానంగా నల్లని పట్టీ వేస్తే చెంబు అడుగు బల్లపరుపుగా కోసేసినట్టు కనబడుతుంది.

వాలు నీడకు వస్తువు నకలులో నలుపు నింపి, డిస్టార్ట్ ఆదేశంతో పై అంచును పట్టుకొని నేల మీదికి వాల్చాలి. జింప్‌లో యూనిఫైడ్ ట్రాన్స్‌ఫామ్ పరికరం ఇదే పని చేస్తుంది. నీడ పొడవును వెలుగు ఎత్తు నిర్ణయిస్తుంది: వెలుగు 45 డిగ్రీల ఎత్తు నుంచి వస్తే నేల మీద నీడ పొడవు వస్తువు ఎత్తుకు సమానం, 30 డిగ్రీలైతే దాదాపు ఒకటిముప్పావు రెట్లు, 60 డిగ్రీలైతే సగానికి కాస్త ఎక్కువ. కెమెరా నేలకు ఎంత దగ్గరగా ఉంటే ఆ పొడవు బొమ్మలో అంత కుదించుకొని కనబడుతుంది. వాల్చిన తర్వాతే బ్లర్ చేయాలి. ముందే బ్లర్ చేసి వాలిస్తే మసక ఒక దిక్కులో నలిగి, మరొక దిక్కులో సాగుతుంది. దూరాన్నిబట్టి మసక పెరగాలంటే, నీడను రెండు నకళ్లు తీసి ఒకదానికి తక్కువ బ్లర్, మరొకదానికి ఎక్కువ బ్లర్ ఇచ్చి, మొదటిది వస్తువు దగ్గర మాత్రమే, రెండోది దూరాన మాత్రమే కనబడేట్టు రెండింటికీ గ్రేడియంట్ మాస్కులు (క్రమక్రమంగా దాచే మాస్కులు) వేయాలి. ఫోటోషాప్‌లో నీడ లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చుకుంటే బ్లర్ విలువను తర్వాత కూడా మార్చవచ్చు. ఈ వెసులుబాటు 2007లో సీఎస్3 వెర్షన్‌తో వచ్చింది.

వాలు నీడ విషయంలో పాఠాలు ఎక్కువగా చెప్పని పరిమితి ఒకటున్నది, ఎంపికను అది చాలావరకు తేల్చేస్తుంది. మనం వాల్చే ఆకారం కెమెరాకు కనబడిన ఆకారం. నేల మీద పడే అసలు నీడ వెలుగుకు కనబడిన ఆకారం. వెలుగు కెమెరా వైపు నుంచి గానీ, సరిగ్గా వస్తువు వెనకనుంచి గానీ వస్తే ఈ రెండూ దాదాపు ఒక్కటే. వెలుగు పక్కనుంచి వస్తే ఒక్కటి కావు. కొండపల్లి అంబారీ ఏనుగును పక్కనుంచి ఫోటో తీశారనుకుందాం. వెలుగు దాని తొండం వైపు నుంచి వస్తుంటే నేల మీద పడే నీడ ఏనుగు ముందువైపు ఆకారంలో, అంటే ఇరుకుగా, రెండు చెవులూ పైన అంబారీతో ఉండాలి. కెమెరాకు కనబడిన పక్క ఆకారాన్ని వాలిస్తే తొండమూ తోకా ఉన్న నీడ పడుతుంది, అది తప్పు. చూసేవారు కారణం చెప్పలేకపోయినా ఏదో అతకలేదని గ్రహిస్తారు. చెంబు, సీసా, దీపపు కుందె వంటి గుండ్రంగా తిరిగే వస్తువులకు ఈ చిక్కు లేదు, ఏ వైపునుంచి చూసినా వాటి ఆకారం ఒకటే.

ఏనుగుకు ఇంకొక చిక్కు కూడా ఉన్నది. దాని నాలుగు కాళ్లలో దూరపు రెండూ బొమ్మలో కాస్త పైన నేలను తాకుతాయి. ఒకే ఆకారాన్ని వాలిస్తే నీడ దగ్గరి కాళ్లకు అతుకుతుంది, దూరపు కాళ్లను వదిలేస్తుంది. నీడను కాలు కాలుకూ విడగొట్టి, ఒక్కొక్కదాన్నీ దాని పాదానికి చేర్చి, పైన కలపాలి. ఇది ఓపికతో కూడిన పని. ఇలాంటి వస్తువులకు నా సలహా ఏమంటే, వెలుగు పైనుంచి మెత్తగా పడుతున్నట్టు ఊహించుకొని వాలు నీడను పూర్తిగా మానేయండి. నాలుగు పాదాల కింద నాలుగు ఆనిక నీడలు వేసి, పొట్ట కింద నేల మీద పలుచని పెద్ద మసకను ఒకదాన్ని పరచండి. ఆకారం లేని మసకలో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు.

ఫోటోలో ఉన్న నీడనే నిలుపుకోవడం

కత్తిరించే ముందు ఒక్కసారి అసలు ఫోటోను చూడండి. తెల్లని గుడ్డ మీదో, చార్టు మీదో పెట్టి తీసిన ఫోటో అయితే, అందులో ఉన్న నీడ మీరు చేయగలిగే ఏ నీడకన్నా సరైనది. దాన్ని పారేసి మళ్లీ గీయడం అర్థంలేని శ్రమ. మొత్తం ఫోటోను ఒక లేయర్‌గా ఉంచి, దాని బ్లెండ్ మోడ్‌ను (కింది లేయర్లతో కలిసే తీరును) మల్టిప్లై (కిందిదాన్ని ముదురు చేయడమే తప్ప లేతచేయని మోడ్) చేసి, లెవెల్స్‌లో (ముదురు, లేత ఛాయలను సర్దే పరికరంలో) తెలుపు కొనను లోపలికి జరుపుతూ పోతే నేపథ్యం స్వచ్ఛమైన తెలుపై మాయమవుతుంది, నీడ మాత్రం మిగులుతుంది. దాని పైన కత్తిరించిన వస్తువును మామూలు మోడ్‌లో పెట్టాలి. నీడలో గుడ్డ రంగు జీర కనబడితే ఆ కింది లేయర్‌ను డీసాచురేట్ చేయవచ్చు, అంటే రంగు తీసేయవచ్చు. ఇత్తడి వస్తువైతే అడుగున నేల మీద పడే పసుపు ఛాయను తీసేయకండి. నిజమైన ఫోటో అని నమ్మించేది అదే.

ఈ పద్ధతికి లొంగనివి ముడతలు పడిన గుడ్డ, మచ్చలున్న నేల, ఒకదాని మీద ఒకటి పడే రెండు మూడు దీపాల నీడలు. తెలుపు కొనను ఎంత జరిపినా ముడతలు పోకముందే నీడ పోతుంది. అప్పుడు అసలు నీడను నమూనాగా పక్కన ఉంచుకొని, దిక్కూ పొడవూ దాన్ని చూసి కుదుర్చుకుంటూ చేత్తో చేయాలి. ఆన్‌లైన్‌లో అమ్మడానికి తీసే ఫోటోలకు మరొక నిబంధన గుర్తుంచుకోవాలి. అమెజాన్ వంటి వేదికలు మొదటి ఫోటో నేపథ్యం స్వచ్ఛమైన తెలుపు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులూ గరిష్ఠ విలువైన 255గా ఉండాలని కోరతాయి. నీడ బొమ్మ అంచు వరకు పాకితే అక్కడ తెలుపు 250కో 252కో దిగిపోతుంది. కంటికి తెలియకపోయినా విలువలు చూస్తే తెలుస్తుంది. అన్నిటికన్నా పైన ఒక అడ్జస్ట్‌మెంట్ లేయర్ (కింది లేయర్ల ఛాయలను మార్చే లేయర్) పెట్టి బొమ్మను బాగా నల్లబరిచి చూస్తే, నీడ ఎంత దూరం పాకిందో, లేయర్ హద్దు దగ్గర నిలువుగా తెగిందో వెంటనే బయటపడుతుంది.

రంగు, మోడ్, ఫైలు

నీడ అనగానే మల్టిప్లై మోడ్ పెట్టాలని అందరూ చెబుతారు. నీడ రంగు పూర్తి నలుపు అయితే మల్టిప్లైకీ నార్మల్‌కూ తేడా ఏమీ లేదు. 200 విలువ ఉన్న నేపథ్యం మీద 40 శాతం నలుపు వేస్తే ఏ మోడ్‌లోనైనా 120 వస్తుంది. తేడా రంగు నీడలోనే కనబడుతుంది. ముదురు గోధుమరంగు నీడను నార్మల్ మోడ్‌లో దాదాపు నల్లని నేపథ్యం మీద వేస్తే ఆ చోటు నల్లబడటానికి బదులు లేతబడుతుంది. మల్టిప్లై ఎన్నడూ అలా చేయదు.

ఈ తేడాకు ఫైలు రూపంతో నేరుగా సంబంధం ఉంది. పారదర్శకమైన పీఎన్‌జీగా దాచినప్పుడు బ్లెండ్ మోడ్ ఫైలులో ఉండదు, మల్టిప్లైలో చేసిన నీడ బయట నార్మల్‌గానే పడుతుంది. కాబట్టి పీఎన్‌జీగా ఇవ్వవలసిన బొమ్మకు పూర్తి నలుపు నీడ వాడండి, ఎక్కడ పెట్టినా ఒకేలా ఉంటుంది. నేపథ్యంతో సహా జేపీఈజీగా దాచేదానికైతే ఆ నేపథ్యపు రంగునే బాగా ముదురు చేసి నీడకు వాడటం అందం. ఆరుబయట ఎండలో తీసిన ఫోటోలో నీడకు ఆకాశపు నీలిఛాయ కొద్దిగా ఉండాలి. జీఐఎఫ్‌లో పిక్సెల్ పూర్తిగా పారదర్శకమో పూర్తిగా నిండినదో మాత్రమే కాగలదు కనుక మెత్తని నీడకు అది పనికిరాదు. వెబ్ పేజీలోని బటన్లకూ పెట్టెలకూ నీడను బొమ్మలో వేయనే వద్దు, సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) రాయించండి.

పెద్ద మెత్తని నీడలు కొన్ని తెరల మీద మెట్లుమెట్లుగా, చారలుగా కనబడతాయి. 8 బిట్ బొమ్మలో లభించే ఛాయలు పరిమితం కావడం దీనికి కారణం. నీడ లేయర్‌కు అతికొద్దిగా నాయిస్ (చెదురుమదురు చుక్కలు) కలిపితే చారలు చెదిరిపోతాయి. ఫోటోషాప్ ఎఫెక్ట్‌లోనే అందుకు ఒక స్లైడర్ ఉంది.

ముద్రణ కొలతలు

తెర మీద నచ్చిన పిక్సెల్ సంఖ్యను ముద్రణకు మోసుకుపోవడం వల్ల చెడిన పనులు చాలా కనబడతాయి. అంగుళానికి 300 పిక్సెల్స్ ఉన్న విజిటింగ్ కార్డులో 20 పిక్సెల్స్ అంటే 1.7 మిల్లీమీటర్లు, అంత చిన్న కార్డు మీద అది కొట్టొచ్చినట్టు కనబడే నీడ. అంగుళానికి 72 పిక్సెల్స్ చొప్పున చేసిన పది అడుగుల ఫ్లెక్సీలో అదే 20 పిక్సెల్స్ 7 మిల్లీమీటర్లు. రోడ్డు అవతలినుంచి చూసేవారికి అది ఉన్నట్టే తెలియదు. నీడ కొలతను పిక్సెల్స్‌లో కాక అక్షరం మందానికి ఇంత వంతు అని పెట్టుకుంటే పరిమాణం మారినా పొరపాటు జరగదు. ఫోటోషాప్‌లో బొమ్మ పరిమాణం మార్చేటప్పుడు స్కేల్ స్టైల్స్ అన్న ఎంపిక ఆన్ చేసి ఉంచితే ఎఫెక్ట్ నీడలు కూడా వెంట మారతాయి. చేత్తో చేసిన నీడలు పిక్సెల్స్ కనుక వాటంతటవే మారతాయి.

ఆఫ్‌సెట్ ముద్రణలో తెల్లకాగితం మీద పడే నీడను నల్లసిరా ఒక్కదానితోనే ముద్రించేట్టు చేయడం మేలు. ఆర్జీబీ (తెర రంగుల పద్ధతి) లోని నలుపును నాలుగు సిరాలకు మారిస్తే, ఆ నాలుగింటి తూకంలో ఏ కొంచెం తేడా వచ్చినా నీడకు ఎర్రజీరో పచ్చజీరో పడుతుంది. పెళ్లిపత్రిక వంటి లేత రంగు కాగితం మీద ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది.

ఏ సాఫ్ట్‌వేర్

ఈ పనికోసమే ఫోటోషాప్ కొనవలసిన అవసరం లేదు. ఆనిక నీడ, వాలు నీడ, ఫోటోలోని నీడను నిలుపుకోవడం, ఈ మూడూ లేయర్లు, మాస్కులు, మల్టిప్లై, గాసియన్ బ్లర్ ఉన్న ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా చేయవచ్చు. ఉచితంగా దొరికే జింప్, కృతా, బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపీ ఈ కోవలోవే. తేడా వచ్చేది ఎఫెక్ట్ పద్ధతిలోనే. 2018లో వచ్చిన జింప్ 2.10లో డ్రాప్ షాడో వేస్తే అది బొమ్మలో కలిసిపోయేది, తర్వాత మార్చుకోవడం కుదిరేది కాదు. 2025 మార్చిలో వచ్చిన జింప్ 3.0లో ఆ ఫిల్టర్ లేయర్‌కు అంటిపెట్టుకొని ఉంటుంది, విలువలు ఎప్పుడైనా మార్చవచ్చు. ఇంకా పాత వెర్షన్ వాడుతూ అక్షరాల పని ఎక్కువగా చేసేవారు కొత్తదానికి మారడానికి ఇదొక్కటే చాలిన కారణం. వెర్షన్ ఏదైనా, చేత్తో నీడ చేసేటప్పుడు జింప్‌లో లేయర్‌ను ముందుగా లేయర్ టు ఇమేజ్ సైజ్ ఆదేశంతో పెద్దది చేసుకోండి. లేకపోతే మసక లేయర్ హద్దు దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది.

సంఖ్య కూడా ఎంపికను మారుస్తుంది. చేనేత చీరలు, దుపట్టాలు పరచి పైనుంచి తీసినవి ఎన్ని ఉన్నా, ఒకదానికి ఎఫెక్ట్ కుదుర్చుకొని ఆ స్టైల్‌ను మిగతావాటికి కాపీ చేస్తే సరిపోతుంది. పెంబర్తి ఇత్తడి సామానూ కొండపల్లి బొమ్మలూ పదుల సంఖ్యలో ఒక కేటలాగుకు కావాలంటే, ప్రతిదానికీ చేత్తో నీడ చేయడం సాధ్యమే గానీ, చివరికి వచ్చేసరికి చేయి అలిసి మొదటి నీడకూ ఆఖరి నీడకూ పొంతన ఉండదు. అలాంటప్పుడు తెల్ల చార్టును వెనక గోడ నుంచి బల్ల మీదికి మడత లేకుండా వంచి, ఒకే వైపు కిటికీ వెలుగులో, కెమెరాను స్టాండు మీద కదలకుండా నిలిపి, వస్తువులు మాత్రం మారుస్తూ తీయండి. ఖాళీ చార్టును కూడా ఒక ఫోటో తీసి ఉంచుకోండి, తెలుపు ఎక్కడుందో లెవెల్స్‌కు చూపడానికి అది పనికొస్తుంది. ఆ తర్వాత మల్టిప్లై పద్ధతిలో అన్నిటి నీడలనూ ఒకే లెవెల్స్ విలువతో నిలుపుకోవచ్చు. చేతిపని ఎక్కడైనా మిగిలితే, అది వెలుగు మరీ పలుచబడి అడుగు గీత తెలియని ఒకటి రెండు బొమ్మలకు ఆనిక నీడ చేర్చడం మాత్రమే.